మబ్బుకీ కీళ్లకీ ఏమిటి లంకె?

వాన రాకముందే కీళ్లు చెప్పేస్తాయని రోగులంటారు. అదంతా భ్రమేనని కొందరు పరిశోధకులు, కాదు ఎంతో కొంత ఉందని మరికొందరు వాదించుకుంటూనే ఉన్నారు. కీళ్లవాతం ఉన్నవాళ్లకి ఏడాదిలో ఏ కాలం ఏం తెస్తుందో, దాన్లో గాలివాన వాటా ఎంతో చూద్దాం.

ధనుర్మాసంలో ముగ్గు పెట్టాలంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి పట్టి, ధార తెగకుండా సన్నగా వదలాలి. అలవాటున్న చేతికి అదో పనే కాదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న ఆవిడకి మాత్రం ఏడాది మొత్తంలో అంతకు మించిన పరీక్ష ఇంకోటి ఉండదు. ఆ పట్టు నిలిచేది వేళ్ల మొదటి కణుపుల మీద, నడిమి కణుపుల మీద. ఈ జబ్బు తరచుగా ముందు చేరేదీ అక్కడే. వేళ చూస్తే తెల్లారగట్ట అయిదు. ఒంట్లో వాపును రెచ్చగొట్టే రసాయనాలు రోజు మొత్తం మీద ఎక్కువగా ఉండే సమయం అది. దానికి తోడు చలి, అప్పుడే కళ్లాపి చల్లిన తడి చేతులు. నాలుగు వరసలు పడేసరికి వేళ్లు మాట వినడం మానేస్తాయి.

సంక్రాంతి దగ్గరపడేకొద్దీ ఇంకా ఉంది. తెలంగాణలో సకినాలు. తడి బియ్యప్పిండిని వేళ్లతో మెలిపెడుతూ, పాత చీర మీద చుట్లు చుట్లుగా తిప్పుతూ పోవాలి, అదీ గంటల తరబడి. ఇటు కోస్తాలో అరిసెలు. నూనెలోంచి తీసిన ఒక్కోదాన్నీ వేడి మీదే నూనె దిగేలా నొక్కాలి. పండగ వెళ్లిన మర్నాడు చేతులు వాచి, గాజు మణికట్టు దాటి రాదు. “ఈ చలికి పట్టేసిందమ్మా” అంటుంది ఆవిడ. ఇంట్లోవాళ్లూ అవునంటారు.

చలికి పట్టేసిన మాట నిజమే కావచ్చు. కానీ రెండు వందల సకినాలు చుట్టిన మాట ఎవరూ ఎత్తరు. కాలానికీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధంలో తిరకాసంతా ఇక్కడే ఉంది. కాలం మారితే గాలి మారుతుంది. దాంతోపాటు మనం లేచే వేళ, చేసే పని, తాగే నీళ్లు, కుట్టే దోమలు, వేసుకునే మాత్రలు కూడా మారతాయి. నింద మాత్రం ఎప్పుడూ మబ్బుకే.

ఇది అరుగుదల కాదు

మోకాళ్లు అరగడం వేరు, ఈ కీళ్లవాతం వేరు. అరుగుదల వయసుతో వచ్చేది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి, కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర వాచి, మందమై, చివరికి పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ కొరికేస్తుంది. ముప్ఫై నుంచి యాభై ఏళ్ల మధ్య వయసులోనే ఎక్కువగా బయటపడుతుంది. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఢిల్లీకి దగ్గర్లోని పల్లెల్లో చేసి 1993లో ప్రచురించిన సర్వేలో పెద్దవాళ్లలో 0.75 శాతం మందికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. అంటే నూరు మందిలో ఇంచుమించు ఒకరికి. మన వీధిలో ఎవరో ఒకరికి ఉండే ఉంటుంది.

పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోవడం దీని ముఖ్య లక్షణం. అరుగుదల ఉన్నవాళ్లకి పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిరిగితే సర్దుకుంటుంది. వీళ్లకి గంట దాటినా గ్యాస్ లైటర్ నొక్కడం, కుక్కర్ మూత తిప్పడం, జాకెట్టు హుక్కు పెట్టుకోవడం కుదరదు. ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు రసాయనం రాత్రంతా పెరుగుతూ వచ్చి తెల్లారుజామున తారస్థాయికి చేరుతుంది. దాన్ని అదుపు చేయాల్సిన కార్టిసాల్ హార్మోను అదే సమయంలో పెరిగినా, ఈ జబ్బు ఉన్నవాళ్లలో ఆ పెరుగుదల చాలదు. ఇది రోహిణీ కార్తెలోనూ జరుగుతుంది, పుష్యమాసంలోనూ జరుగుతుంది. చలికాలంలో అదే గంటకి చలి కూడా తోడవుతుంది కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తాయి.

ముగ్గు ఎనిమిదింటికి వేస్తే ధనుర్మాసం ఏమీ అలగదు. ముందు గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టి, వేళ్లు పది నిమిషాలు ముడిచి తెరిచి, ఎండ కాస్త వాకిట్లోకి వచ్చాక మొదలుపెడితే సరిపోతుంది. కార్తీక స్నానం వేణ్నీళ్లతో చేసినా పుణ్యం తగ్గదనే నా నమ్మకం. పండితులు ఒప్పుకోకపోతే వాళ్ల ఇష్టం.

లెక్కలు వేసినవాళ్లు ఏమన్నారు?

గాలికీ రోగానికీ లంకె పెట్టడం కొత్తేమీ కాదు. రెండువేల నాలుగు వందల ఏళ్ల కిందటి గ్రీకు వైద్య గ్రంథాల్లో గాలులు, నీళ్లు, ప్రదేశాల గురించే ప్రత్యేకంగా ఒక పుస్తకం ఉంది, హిప్పోక్రటీస్ పేరు మీద. మన ఆయుర్వేదం ఎండాకాలంలో వాతం పోగవుతుందనీ, వానాకాలంలో ప్రకోపిస్తుందనీ, శరత్తులో శాంతిస్తుందనీ లెక్క కట్టింది. నమ్మకం అంత పాతది.

పరీక్షించి చూద్దామని గట్టిగా పూనుకున్నది అమెరికాలో జోసెఫ్ హోలాండర్. 1960ల మొదట్లో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆయన ఒక గది కట్టించాడు. ఉష్ణోగ్రత, తేమ, గాలి ఒత్తిడి అన్నీ మీట నొక్కి మార్చే గది. కీళ్లనొప్పుల రోగుల్ని కొద్దిమందిని రోజుల తరబడి అందులో ఉంచి, ఒక్కొక్కటీ మార్చి చూశాడు. ఏ ఒక్కటి మార్చినా పెద్ద తేడా కనిపించలేదు. తేమ పెంచుతూ అదే సమయంలో ఒత్తిడి తగ్గించినప్పుడు మాత్రం ఎక్కువమందికి కీళ్లు తిరగబెట్టాయి. వాన ముందు బయట జరిగేదీ అదే కదా! రోగులు చంకలు గుద్దుకున్నారు. అయితే ఆ గదిలో ఉన్నది గట్టిగా డజను మంది.

ముప్ఫై ఏళ్లు గడిచాక, 1996లో, డోనాల్డ్ రెడెల్‌మయర్ అనే వైద్యుడూ ఆమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తా ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లారు. మనిషి మనసు ఎలా పొరబడుతుందో జీవితమంతా తవ్విన మనిషి ట్వెర్‌స్కీ. ఆయన జోడీ డేనియల్ కానెమన్‌కి తర్వాత ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. వీళ్లిద్దరూ కీళ్లవాతం ఉన్న 18 మంది నొప్పిని ఏడాదికి పైగా నమోదు చేసి, వాతావరణ శాఖ లెక్కల పక్కన పెట్టి చూశారు. ఏ సంబంధమూ కనపడలేదు. అంతటితో ఊరుకోకుండా, ఒకదానికొకటి ఏ పొంతనా లేని రెండు వరసల అంకెల్ని కాలేజీ విద్యార్థులకి చూపించారు. చాలామంది వాటి మధ్య సంబంధం ‘కనిపెట్టేశారు’. మబ్బు పట్టి నొప్పి వచ్చిన రోజు గుర్తుండిపోతుంది. మబ్బు పట్టీ నొప్పి రాని రోజును ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

2017లో హార్వర్డ్‌కి చెందిన అనుపమ్ జెనా బృందం ఇంకా పెద్ద వల వేసింది. అమెరికాలో వృద్ధుల ఆరోగ్య బీమా కింద డాక్టర్ల దగ్గరికి వెళ్లిన కోటి పైచిలుకు సందర్శనల్ని తీసుకుని, వాన పడ్డ రోజుల్లో కీళ్లనొప్పి, నడుంనొప్పి అన్నవాళ్లు ఎక్కువ ఉన్నారా అని వెతికింది. లేరు. వాన పడ్డ రోజున 6.23 శాతం, పడని రోజున 6.42 శాతం. ఈ అధ్యయనం నాకు పెద్దగా ఆనదు. మోకాలు లాగుతోందని వానలో తడుస్తూ అదే రోజు ఆస్పత్రికి వెళ్లేదెవరు? మనమైతే వాన వెలిశాక, అదీ ఆదివారం కాకుండా చూసుకుని వెళ్తాం.

ఈ లోపం లేకుండా చేసింది ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయం. విల్ డిక్సన్ అనే రుమటాలజిస్టు నాయకత్వంలో ఫోన్‌లో ఒక యాప్ పెట్టి, దీర్ఘకాలిక నొప్పులున్నవాళ్లని రోజూ తమ నొప్పి ఎంతో నమోదు చేయమన్నారు. ఫోన్ ఎక్కడుందో దాన్నిబట్టి అక్కడి వాతావరణం దానంతటదే జతపడుతుంది. పదమూడు వేల మందికి పైగా చేరితే, ఓపిగ్గా నెలల తరబడి నమోదు చేసిన 2,658 మంది లెక్కల్ని 2019లో ప్రచురించారు. తేమ ఎక్కువగా ఉండి, ఒత్తిడి తగ్గి, గాలి వీచే రోజుల్లో నొప్పి పెరిగే అవకాశం దాదాపు 20 శాతం ఎక్కువ. రోగులే గెలిచారన్నమాట. కానీ ఆ 20 శాతాన్ని విడమర్చి చూడండి. మామూలు రోజున నొప్పి ఎక్కువయ్యే అవకాశం నూటికి అయిదు అనుకుంటే, అలాంటి ముసురు రోజున నూటికి ఆరు. నొప్పి వచ్చిన ఆరుగురిలో అయిదుగురికి మబ్బు లేకపోయినా వచ్చేదే.

జపాన్‌లో క్యోటో పరిశోధకులు ఒత్తిడి తగ్గినప్పుడు వాచిన కీళ్ల సంఖ్య కాస్త పెరగడం చూశారు. అదే దేశంలో వేల మంది రోగుల రికార్డులు తిరగేసిన మరో బృందానికి జబ్బు తీవ్రత వసంతంలో ఎక్కువగా, శరత్తులో తక్కువగా కనిపించింది. 2024లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయం 11 అధ్యయనాలు కలిపి చూసి, మోకాలి నొప్పికైనా నడుం నొప్పికైనా రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కైనా వాతావరణం కారణం కాదని తేల్చింది. గౌట్ అనే మరో కీళ్లజబ్బుకి మాత్రం ఎండ ముదిరి గాలి పొడిబారిన రోజుల్లో ముప్పు రెట్టింపైందట.

ఇన్ని చదివాక నాకు అర్థమైంది ఇదీ: మబ్బుకి నొప్పి పెరగడం కొందరిలో నిజం, అందరిలో కాదు, ఎవరిలోనూ మనం అనుకున్నంత కాదు. పైగా ఈ లెక్కల్లో చాలావాటిలో కొలిచింది నొప్పిని. కీలు లోపల వాపు పెరిగిందా, ఎముక దెబ్బతింటోందా అన్నది వేరే ప్రశ్న.

హైదరాబాద్ బస్సులో తుపాను

“వదినా, ఇవాళ వాన ఖాయం, పొద్దుట్నించీ మణికట్టు లాగుతోంది” అనేవాళ్లకి చదువుకున్నవాళ్లు చెప్పే జవాబు గాలి ఒత్తిడి. చుట్టూ గాలి ఒత్తిడి తగ్గితే కీలు చుట్టూ ఉన్న పొరలు కొద్దిగా ఉబ్బుతాయనీ, అప్పటికే వాచి ఉన్నచోట ఆ కాస్తా నరాల్ని నొక్కుతుందనీ వివరణ. వినడానికి బాగుంది. జపాన్‌లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఒత్తిడి తగ్గిస్తే నొప్పి లక్షణాలు పెరగడమూ చూశారు.

మన ఊళ్లలో ఈ లెక్క సరిచూద్దాం. సముద్రమట్టం దగ్గర మామూలు ఒత్తిడి 1013 మిల్లీబార్లు. బంగాళాఖాతంలో ఒక సాదా అల్పపీడనం వస్తే తగ్గేది కొద్ది మిల్లీబార్లే. అసలు ఏ వానా లేకుండానే మన ప్రాంతాల్లో ఒత్తిడి రోజూ పొద్దున పదింటికి పెరిగి, సాయంత్రం నాలుగింటికి మూడు నాలుగు మిల్లీబార్లు పడిపోతుంది. లిఫ్టెక్కి పదో అంతస్తుకి వెళ్లినా తగ్గేది అంతే. ఇక 2014 అక్టోబరు 12న విశాఖ మీద విరుచుకుపడ్డ హుద్‌హుద్ మధ్యలో ఒత్తిడి 950 మిల్లీబార్లు. అంత పెద్ద తుపాను గుండెలో ఉన్న అంకె అది. హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదు వందల మీటర్ల పైన ఉంది. అక్కడ ఎండ కాసే మామూలు మంగళవారం నాడు ఉండే ఒత్తిడి కూడా ఇంచుమించు 950 మిల్లీబార్లే.

అంటే విజయవాడలో పొద్దున బస్సెక్కి మధ్యాహ్నానికి హైదరాబాద్‌లో దిగే మనిషి కీళ్లు ఒక పెనుతుపానంత ఒత్తిడి తేడా చూస్తున్నాయి. తిరుపతి నుంచి ఘాట్ రోడ్డు మీద తిరుమల కొండెక్కితే గంటలోపే డెబ్భైకి పైగా మిల్లీబార్లు తగ్గుతాయి. ఒత్తిడి ఒక్కటే కారణమైతే అలిపిరి దాటిన ప్రతి బస్సులోనూ మూలుగులు వినపడాలి. కొండ మీద మోకాళ్లు నొప్పెడతాయి నిజమే, కానీ అది మెట్లదారిలో వెళ్లినవాళ్లకి! హోలాండర్ గదిలో తేలినట్టు ఒత్తిడికి తేమ కూడా తోడవ్వాలేమో, దానికి ముసురు పట్టి రోజంతా మంచం దిగకపోవడం తోడవ్వాలేమో. కదలని కీలు ఇంకా బిగుస్తుంది. దిగులు పట్టిన మనసుకి అదే నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది.

పొడిగాలి ఉన్న ఊరికి మకాం మారిస్తే జబ్బు పోతుందా అని అడిగేవాళ్లకి ఫ్రెంచి చిత్రకారుడు ఓగ్యూస్త్ రెన్వార్ కథ చెప్పాలి. యాభయ్యో ఏడు దాటగానే ఆయనకి కీళ్లవాతం మొదలైంది. చలి పడదని దక్షిణ ఫ్రాన్స్‌లో మధ్యధరా తీరాన కాన్యే అనే ఊళ్లో 1907లో ఆలివ్ తోట కొనుక్కుని అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఎండకి కొదవలేని చోటు. అయినా జబ్బు ఆగలేదు. వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. చివరి ఏళ్లలో చక్రాల కుర్చీలో కూర్చుని, చర్మం ఒరుసుకోకుండా చేతికి గుడ్డ చుట్టించుకుని, కుంచె ఎవరో అందిస్తే పట్టుకుని 1919లో పోయేవరకూ బొమ్మలు వేశాడు. ఎండ ఆయనకి సుఖాన్నిచ్చి ఉండొచ్చు. కీళ్లను కాపాడే మందులు ఆ కాలంలో లేవు.

వానాకాలం తెచ్చే అసలు ముప్పు

2015లో కేంబ్రిడ్జి పరిశోధకులు మనుషుల రక్తంలో జన్యువుల పనితీరు కాలాన్నిబట్టి మారుతుందా అని చూశారు. దాదాపు నాలుగో వంతు జన్యువులు మారుతున్నాయి. యూరప్‌లో చలికాలం వచ్చేసరికి వాపును పెంచే జన్యువులు చురుకందుకున్నాయి. రక్తంలో సీఆర్‌పీ లాంటి వాపు గుర్తులు పెరిగాయి. మంచు పడని పశ్చిమాఫ్రికా దేశం గాంబియాలో మాత్రం కథ వేరు. అక్కడ రోగనిరోధక కణాలు పెరిగింది వానాకాలంలో, అంటే దోమలూ జ్వరాలూ ముసిరే జూన్ నుంచి అక్టోబరు దాకా. మన కాలాలు గాంబియాకి దగ్గర, కేంబ్రిడ్జికి దూరం. చలి గురించి విదేశాల్లో రాసింది చదివి భయపడేకంటే, మన వానాకాలం జ్వరాల మీద ఎక్కువ కన్నేసి ఉంచడం మేలు.

వాటిలో ముందు చెప్పాల్సింది చికున్‌గున్యా. 1965లో విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడల్ని ఒకసారి చుట్టేసింది. తర్వాత నలభై ఏళ్లు కనపడకుండా పోయి, 2005 చివర్లో రాయలసీమ మీదుగా మళ్లీ దిగింది. 2006లో దేశమంతటా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు. ఆ ఏడాది ఊళ్లకు ఊళ్లే కుంటుకుంటూ నడవడం చూసినవాళ్లు మర్చిపోరు. జ్వరం నాలుగైదు రోజుల్లో తగ్గినా మణికట్లు, చీలమండలు, వేళ్ల కణుపులు వారాలు, కొందరికి నెలల తరబడి వాచి ఉంటాయి. రెండు వైపులా ఒకేలా, పొద్దున్నే బిగుసుకుపోతూ, అచ్చం కీళ్లవాతంలాగే. కొందరికి ఆర్‌ఏ ఫ్యాక్టర్ పరీక్ష కూడా పాజిటివ్ వచ్చి కంగారు పెడుతుంది. ఆ ఒక్క కాగితం పట్టుకుని జీవితాంతం మందులు మొదలుపెట్టనక్కర్లేదు. యాంటీ సీసీపీ అనే పరీక్ష దానికంటే కచ్చితంగా తేడా చెబుతుంది. అలాగని “చికున్‌గున్యా తాలూకు నొప్పులేలే” అనుకుంటూ ఏడాది గడిపేయడమూ తప్పే. వాపు మూడు నెలలు దాటి నిలిస్తే రుమటాలజిస్టు చూడాల్సిందే.

అసలే కీళ్లవాతానికి మందులు వాడుతున్నవాళ్లకి వానాకాలపు జ్వరం ఇంకో చిక్కు తెస్తుంది. ఈ జబ్బుకి మొదటి మందు సాధారణంగా మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకునే మాత్రలనుకుని మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్న సంఘటనలున్నాయి. కాబట్టి డబ్బా మీద ‘బుధవారం’ అనో ‘శనివారం’ అనో పెద్దక్షరాలతో రాసి పెట్టుకోవాలి. గట్టి జ్వరం వచ్చినప్పుడు ఆ వారం మాత్ర వేసుకోవాలా ఆపాలా అన్నది డాక్టరుకి ఫోన్ చేసి తెలుసుకోవాలి. విరేచనాలకో మూత్రంలో మంటకో మందుల షాపువాడు ఇచ్చే కోట్రైమోక్సజోల్ మెథోట్రెక్సేట్‌తో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఏ ఆస్పత్రికి వెళ్లినా “నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నాను” అన్నది ముందే చెప్పాల్సిన మాట. డెంగీ అనుమానం ఉన్నప్పుడు కీళ్లు ఎంత లాగినా డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటివి ముట్టుకోకూడదు, రక్తస్రావం భయం. పారాసిటమాల్‌తోనే సరిపెట్టుకోవాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి వానలకు ముందే డాక్టరుని అడిగి వేయించుకోవడం మంచిది.

ఎండల్లో సుఖమే, కానీ...

చాలామందికి వేసవిలో కీళ్లు తేలిగ్గా ఉంటాయి. వేళ్లు సులువుగా ముడుచుకుంటాయి. ఆవకాయ కాలంలో టెంక ఉన్న కాయని కత్తిపీట మీద కొట్టే పని మాత్రం ఇంకొకరికి అప్పగించాలి. బజార్లో కొట్టించి తెచ్చుకునే సదుపాయం ఉండగా అభిమానానికి పోనక్కర్లేదు. (పులుపు తింటే వాతం చేస్తుందని ఆవకాయే మానేసినవాళ్లని చూస్తే జాలేస్తుంది. పులుపుకీ ఈ జబ్బుకీ లంకె ఉందనడానికి గట్టి ఆధారం లేదు.)

ఎండాకాలపు ప్రమాదం కీళ్లలో కాదు, మూత్రపిండాల్లో ఉంది. పల్నాట్లో రెంటచింతల ఎండకి చెమటై పోయిన నీరు మళ్లీ తాగకపోతే మూత్రపిండాలకి రక్తం తగ్గుతుంది. దాని మీద నొప్పి గోళీలు రోజూ పడితే ఇంకా తగ్గుతుంది. మెథోట్రెక్సేట్ బయటికి పోయేది ఆ దారినే. దారి మూసుకుపోతే మందు ఒంట్లో నిలిచి విషమవుతుంది. వారం మాత్ర వేసుకునే ఉపాధి హామీ కూలీ, మిరపకోతకి వెళ్లే మనిషి ఎండల్లో రక్తపరీక్ష వాయిదా వేయకూడదు. ఇక ఎటానర్‌సెప్ట్, అడాలిముమాబ్ లాంటి ఖరీదైన ఇంజెక్షన్లు వాడేవాళ్లకి కరెంటు కోతల బెడద. వాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్ తలుపులో కాదు, లోపలి అరలో. డీప్ ఫ్రీజర్లో పెట్టి గడ్డకట్టిస్తే పారేయాల్సిందే.

నింద మబ్బుది, నష్టం మనది

వాతావరణానికీ నొప్పికీ సంబంధం నూటికి ఒకటో రెండో అయితే, దాని మీద ఇంత రాయడం ఎందుకంటారా? ఆ ఒకటి రెండు శాతం వంకతో పోయే కాలం కోసం. వేళ్లు వాచిన ఇల్లాలు వానాకాలంలో “ముసురుకి” అనుకుంటుంది. కార్తీకంలో “చన్నీళ్లకి” అనుకుంటుంది. పుష్యంలో “చలికి”. ఎండలొచ్చి కాస్త తేలికపడగానే తగ్గిపోయిందనుకుంటుంది. అప్పటికి ఏడాది. ఈ జబ్బులో మొదటి నెలలు చాలా విలువైనవి. కీళ్ల వాపు మొదలైన ఆరు వారాల్లోపు రుమటాలజిస్టు చూడాలనీ, మూడు నెలల్లోపు అసలు మందు మొదలుకావాలనీ యూరప్ నిపుణుల సంఘం మార్గదర్శకాలు. ఎముక కొరుక్కుపోయాక ఏ మందూ దాన్ని తిరిగి కట్టలేదు.

అసలు మందు అన్నది ఎందుకంటే, నకిలీ సుఖం సులభంగా దొరుకుతుంది కాబట్టి. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం మంచం పట్టిన ఒక కీళ్లవాత రోగికి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే, రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో నోబెల్ వచ్చింది. తర్వాత కొన్నేళ్లకే దాని దుష్ప్రభావాలూ బయటపడ్డాయి. మన పల్లెల్లో ఆ మొదటి ఆశ్చర్యం ఇప్పటికీ అమ్ముడుపోతోంది. వానాకాలం రాగానే ఆర్‌ఎంపీ వేసే ‘వాతం ఇంజెక్షన్’లో తరచూ ఉండేది స్టెరాయిడే. నాటుమందు పేరుతో వచ్చే పొడుల్లోనూ స్టెరాయిడ్ కలిసినట్టు పరీక్షల్లో తేలిన సందర్భాలున్నాయి. స్టెరాయిడ్ చెడ్డ మందేమీ కాదు. రుమటాలజిస్టులూ కొద్ది మోతాదులో, కొద్దికాలం, అసలు మందు పనిచేయడం మొదలయ్యేదాకా వాడతారు. ఏళ్ల తరబడి తెలియకుండా మింగితే మొహం ఉబ్బి, షుగరు పెరిగి, ఎముకలు గుల్లవుతాయి. ఒక్కసారిగా ఆపితే ఇంకో ప్రమాదం.

మీకు నిజంగానే మబ్బు పడదేమో తెలుసుకోవాలనుంటే ఒక నోటుపుస్తకం చాలు. పొద్దున లేచాక కీళ్లు వదులవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, ఏ కీళ్లు వాచాయో, నొప్పికి పదికి ఎన్ని మార్కులో కిటికీ తెరవకముందే రాసేయండి. కింద నిన్న చేసిన పెద్ద పని ఏమిటో, రాత్రి నిద్ర పట్టిందో లేదో ఒక్క ముక్క. ఆకాశం సంగతి రాత్రి పడుకోబోయే ముందు రాయండి. ముందు మబ్బు చూసి తర్వాత నొప్పి రాస్తే ట్వెర్‌స్కీ చెప్పిన పొరపాటే జరుగుతుంది. నొప్పి పెరిగిందే గాని వాపు లేదనుకోండి, వేడి కాపడం, కాస్త నడక, వెచ్చటి బట్టలతో ఒకట్రెండు రోజులు చూడొచ్చు. వాపు వచ్చి వారం దాటినా తగ్గకపోతే అది ఏ కాలమైనా సరే డాక్టరు దగ్గరికే.

అక్కడ డాక్టరు భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ల కణుపులు, మోకాళ్లు మొత్తం 28 కీళ్లు నొక్కి చూసి జబ్బు ఎంత చురుగ్గా ఉందో లెక్క వేస్తారు. ఆ ఇరవై ఎనిమిదిలో పాదాలు లేవు. ఈ జబ్బు పాదాల వేళ్ల మొదళ్లలోనూ తరచుగా వస్తుంది, అరికాలి కింద గులకరాయి ఉన్నట్టు గుచ్చుతుంది. వానాకాలంలో తడి చెప్పులతో, బురదలో కాలు వంకరగా వేస్తూ నడిచేవాళ్లకి అది ఇంకా బాధ. గదిలోకి వెళ్లగానే చెప్పులు విప్పి, ఆ చోటు చూపించి, అక్కడా నొక్కి చూడమని అడగండి.